రాణి దాటిన గది

కాగితపు పట్టీలు రెండింటినీ ఒకేసారి ముంచి తీసి, తడికొసలు దేనికీ తగలకుండా పింగాణీ దిమ్మె మీద ఆనించిన తరువాత గంటసేపు ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ ఏమీ తినకూడదు, కిటికీ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తెరవకూడదు అన్న నియమాన్ని ఈ గదికి పెట్టింది తానే కనుక, ఎనభయ్యో పడిలో నడుము నొప్పితో కర్రకుర్చీలో కూర్చున్న అర్లెట్ ఇస్నార్‌కు ఇప్పుడు దాని మీద ఫిర్యాదు చేసే హక్కు లేదు. పరిమళం మొదట్లో చెప్పేదంతా పెళ్ళిచూపుల నాటి మాట, అది ఎవరో ఏమిటో తెలియాలంటే మర్యాదలన్నీ ఆవిరైపోయేదాకా ఓపిగ్గా ఎదురుగా కూర్చోవాలి అని ఆమె ఏళ్ళ తరబడి కుర్రవాళ్ళకు చెబుతూ వచ్చింది. ఆ కుర్రవాళ్ళలో చివరిది మైలీస్, అదిగో బల్లకు అవతల ఎత్తుపీట మీద, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాసి వచ్చిన పిల్లలా కూర్చుని ఉంది. తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డవాడు లెస్తాంగ్, ద్యుర్‌వాల్ సంస్థ అధిపతి, ఊరికే నిలబడడం చేతకాని మనిషి, మడమల మీద ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. పట్టీలలో ఒకదానికి కొస మడిచి ఉంది, రెండవదానికి లేదు. ఒకటి మైలీస్ కూర్చిన పరిమళం, రెండవది పారిస్ కార్యాలయంలో నలుగురు కలిసి కూర్చినది. ఏది ఎవరిదో వాళ్ళిద్దరికీ తెలుసు, అర్లెట్‌కు తెలియదు, తెలియకపోవడానికే ఆమెను ఇంటికి కారు పంపించి మరీ పిలిపించారు. ఆమె ఏది బాగుందంటే అది ‘రాణి దాటిన గది’ అన్న పేరుతో, రాజుల కాలపు తెరల బొమ్మ ఉన్న పెట్టెలో, వచ్చే వసంతానికి ప్రపంచమంతటా స్త్రీల మెడల మీదికి వెళుతుంది.

అంతవరకే అయితే ఆమె హాయిగా కూర్చుని ఉండేది. కానీ లోపలికి వచ్చేముందు నడవాలో లెస్తాంగ్ ఆమె మోచేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు, పట్టుకున్నది సాయానికి అన్నట్టు.

"మదాం ఇస్నార్, ఒక్క మాట. మన మైలీస్ సంగతి. ఈ మధ్య కాఫీ ముట్టట్లేదు. క్యాంటీన్లో చేపలు వేయించిన రోజు ఆ మెట్లే ఎక్కదు. నాకేం తెలుస్తుంది, మగవాణ్ణి."

"బాగానే తెలిసినట్టుంది."

"అడుగుదామంటే చట్టం ఒప్పుకోదు. వాసన చూడొద్దని ఏ చట్టంలోనూ లేదుగా!" తన తెలివికి తానే మురిసిపోయాడు. "కడుపుతో ఉన్న మనిషి ముక్కు పక్కకి జరుగుతుందని మీ తరంవాళ్ళే చెప్పేవారు. జరిగిందో లేదో పరిమళంలో మీరు ఇట్టే పట్టేస్తారు. జరిగింది అని ఒక్క మాటనండి, పని మొత్తం పారిస్‌కి పంపేస్తాను. పిల్లని ఇంట్లో కూర్చోమంటానా ఏమిటి, సబ్బుల వైపు వేస్తాను. మంచి చోటు. అక్కడ తలనొప్పులుండవు."

"అక్కడ పరిమళాలు కూడా ఉండవు."

"మీరు భలేవారు మదాం!" అని నవ్వి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

కాబట్టి ఇప్పుడు ఈ బల్ల మీద ఉన్నవి రెండు ప్రశ్నలు, ఒకటి పైకి అడిగినది, రెండవది నడవాలో అడిగినది, రెంటికీ జవాబు ఒకే కాగితపు కొసలో ఉంది, ఆమె జీవితంలో ఎన్నడూ వాసన విషయంలో అబద్ధం చెప్పలేదు, మర్యాదకు కూడా చెప్పలేదు, ఒకసారి ఒక మంత్రిగారి భార్య తన పెళ్ళినాటి అత్తరు చూపించి ఎలా ఉందని అడిగితే చెడిపోయిందని చెప్పి విందు సగంలో ఒంటరిగా కూర్చోవలసి వచ్చింది. ఆమె వంగి మొదట మడత లేని పట్టీని, తరువాత మడత ఉన్నదాన్ని ముక్కు కిందికి తెచ్చుకుని, దగ్గరగా కాదు, ఎవరో పక్కనుంచి నడిచివెళ్ళినంత దూరంలో, ఆఘ్రాణించింది. రెంటిలోనూ నేలసంపెంగ. ఉండక తప్పదు, కథంతా ఆ పువ్వుదే. మూడు వందల ఏళ్ళ కిందట రాజుగారి ప్రియురాలు ఒకామె అంతఃపురంలో రహస్యంగా ప్రసవించిందనీ, రాణి ప్రార్థనకు వెళ్ళే దారి సరిగ్గా ఆ గదిలోంచేననీ, అందువల్ల గది నిండా నేలసంపెంగలు నింపించి వాటి మధ్య ఆమె ముస్తాబై చిరునవ్వుతో నిలబడిందనీ ఒక కథ చెబుతారు. పచ్చి బాలింత ఆ వాసన పీల్చిందంటే ప్రాణం నిలవదని ఆనాటి వైద్యుల నమ్మకం కనుక, నిలబడ్డ మనిషి బాలింత అయి ఉండదని రాణి అనుకోవాలి. నిజమో, కట్టుకథో. రాణి గది దాటిపోయింది. లెస్తాంగ్ అచ్చువేయించిన కరపత్రంలో దీన్ని విజయ పరిమళం అన్నారు, ప్రేమ గెలిచిన ఉదయం అన్నారు. నిలబడ్డామె కాళ్ళ గురించి అందులో ఏమీ లేదు.

కాళ్ళు. ఈ గది నేల అప్పట్లో ఎర్ర పలకలు, చలికాలంలో కూడా జిడ్డుగా ఉండేవి, చెక్కచెప్పులు వేసుకున్న ఆడవాళ్ళు వాటి మీద జారకుండా పాదాలు ఎడంగా పెట్టి బాతుల్లా నడిచేవారు, ఇప్పుడు వాటి మీద తెల్లటి రబ్బరు వంటిదేదో పరిచారు కానీ తలుపు దగ్గర, లెస్తాంగ్ ఊగుతున్న చోట, ఒక అంచు లేచి కింద ఎరుపు కనబడుతోంది. ఇదే గది. ద్యుర్‌వాల్ వాళ్ళు కొనకముందు ఇది పూలగది, అత్తరులకు పేరుపడ్డ ఈ గ్రాస్ ఊరి పాత కార్ఖానాలన్నిటిలోకీ చల్లనిది, ఉత్తరం వైపు కిటికీలు, అవి ఎప్పుడూ మూసే ఉండేవి, దుమ్ము వచ్చి కొవ్వు మీద వాలితే ఇక దాన్ని తీయడం ఎవరితరమూ కాదు కనుక. చెక్క చట్రంలో గాజుపలక, పలక మీద వడగట్టి తెల్లబరిచిన పందికొవ్వు, ఎద్దుకొవ్వు కలిపి వెన్నలా పూసిన పొర, దాని మీద తలకిందులుగా పరిచిన పూలు. మల్లె అయితే ఒక్కరోజులో ప్రాణం వదిలేస్తుంది, నేలసంపెంగ కోసిన తరువాత కూడా రోజుల తరబడి ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉంటుంది, వదిలినదంతా కొవ్వు తాగుతుంది. వాడినవి ఏరేసి కొత్తవి పరవడం, మళ్ళీ ఏరడం, మళ్ళీ పరవడం, ఆగస్టు నుంచి చలి మొదలయ్యేదాకా అదే పని, కొవ్వు ఇక చాలు అనేదాకా. అర్లెట్ చిన్నతనంలో పిన్నికి భోజనం గిన్నె పట్టుకుని ఆ తలుపు దగ్గరిదాకా వచ్చేది, అంతకు మించి రానిచ్చేవారు కాదు, లోపల ఆడవాళ్ళు వంగి వరసగా, చేతులు మోచేతుల దాకా మెరుస్తూ, నోళ్ళు ఒక్క క్షణం ఊరుకోకుండా, "ఒసేయ్ బాప్తిస్తీన్, నీ బుజ్జిది వచ్చిందే, గుమ్మంలో పిల్లికూనలా నిలబడింది చూడు!" అని అరిస్తే, పిన్ని వెనక్కి తిరిగి, ముట్టుకోవడానికి వీల్లేని ఆ చేతులు రెండూ గాలిలోకి ఎత్తిపట్టి, నుదుటితో ఆమె నుదుటిని తాకేది. ఆ వాసన. బయటివాళ్ళకు అది పువ్వు వాసన. అర్లెట్‌కు అది మనిషి వాసన, బడిలో మిగతా పిల్లల పిన్నులకు ఆ వాసన ఎందుకు లేదో అర్థం కాక చాలాకాలం వాళ్ళ మీద జాలిపడేది.

ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళ ముక్కుకు ఉన్న దోషం అదే. పుట్టినప్పటినుంచి ఏ గాలిలో ఉన్నామో ఆ గాలికి వాసన ఉండదు, చేపకు నీళ్ళు కనబడనట్టు. వెర్సాయ్‌లో పరిమళ విద్య చదువుకోవడానికి వెళ్ళిన మొదటి నెలలో గురువు నేలసంపెంగ సారం వాసన చూపించి అందులో ఏమేమి ఉన్నాయో రాయమంటే అందరూ పచ్చి ఆకు, నొప్పుల మందు, వెన్న, తేనె, ఆపైన కుళ్ళు అని రాశారు. అర్లెట్ ఆకు, మందు, తేనె అని రాసి ఊరుకుంది. వెన్న ఏదీ, కుళ్ళు ఏదీ అని గురువు అడిగితే ఆమె నిజంగానే బిత్తరపోయింది. అక్కడ ఆమెకు ఏమీ లేదు, ఇల్లు తప్ప. దాన్ని వాసనగా పట్టుకోవడం ఆమె పరాయి భాష నేర్చుకున్నట్టు నేర్చుకుంది, పట్టుకున్న ప్రతిసారీ లోపల ఏదో ఒకటి దూరమైనట్టు అనిపించేది, కానీ నేర్చుకుంది, ఆ తరువాత అందులో ఆమెను మించినవాళ్ళు లేరన్నారు.

మైలీస్ కదిలింది. కదలడం కూడా కాదు, పీట మీద బరువు ఒకవైపునుంచి ఇంకోవైపుకు మార్చి, పెదవులు గట్టిగా మూసి, గుటక వేసింది. ముఖం మైనంలా ఉంది. ఎంత బుద్ధిమంతురాలు, తలుపుకు దగ్గరగా కూర్చోవచ్చు, కూర్చోలేదు, పట్టీలకు అందరికంటె దగ్గరగా కూర్చుంది.

వెర్సాయ్‌లో చేరిన ఆ ఏడాది సెలవులకు ఇంటికి వచ్చినప్పుడే, ఆదివారం భోజనాల దగ్గర, ఆ కథ చెప్పింది తాను. చదువుకుని వచ్చిన పిల్ల, తెలిసినదంతా వెంటనే చెప్పేయాలి. నలుగురే బల్ల దగ్గర, అమ్మ మార్త్, నాన్న ఒనొరే, మేడమీది గదిలో ఉండే పెళ్ళి కాని పిన్ని బాప్తిస్తీన్, తాను. మధ్యలో ఊరి ఆదివారపు వంట, పెద్ద క్యాబేజీ ఆకుల్లో మాంసమూ బియ్యమూ కూరి నూలు వలలో మూటగట్టి ఉడికించినది, పిన్ని ఆ వల ముడి విప్పుతోంది, ఆవిరికి ముఖం ఎర్రబడింది. అర్లెట్ అంతఃపురం గురించి, రాజుగారి ప్రియురాలి గురించి, పూల గురించి, వైద్యుల గురించి, ఏదీ వదలకుండా చెప్పింది. చెప్పడం పూర్తయ్యాక పిన్ని ముడి మీదినుంచి తల ఎత్తకుండానే నవ్వింది.

"చచ్చిపోతుందనుకున్నారా? వాళ్ళూ ఒక వైద్యులే! పూలు ప్రాణానికేం చేస్తాయే పిచ్చిదానా, రొమ్ములకి చేస్తాయి గానీ. ఆ తియ్యటి వాసనలో ఊరికే నిలబడి చూడు, పసిది ఏడవకపోయినా పాలు తన్నుకొస్తాయి. రవిక తడిసి అట్టకడుతుంది. ఆ రాణి వెర్రిబాగులది, ముఖం చూసుకుంటూ పోయింది. రవిక చూడాల్సింది."

ముడి విడిపోయింది. పిన్ని పైఆకును ఫోర్కుతో ఎత్తి, ఆవిరి కక్కుతున్న దాన్ని అందరికీ చూపించింది.

"ఇదిగో, చల్లటివి ఇలాంటివి అటొకటీ ఇటొకటీ రవికలో పెట్టుకుని ఉంటే పాల పొంగు అణిగి ఏ బాధా లేకపోయేది. రాజుగారి కొంపలో క్యాబేజీ లేదు కాబోలు పాపం!"

నవ్వింది అర్లెట్ ఒక్కతే. నాన్న కంచంలోకి వంగి రొట్టె తుంచుకుంటున్నాడు, తుంచిన ముక్కనే మళ్ళీ తుంచుతున్నాడు. అమ్మ లేచి నిలబడింది. "ఉప్పు తెస్తానుండండి" అంది, వంటింట్లోకి వెళ్ళింది. ఉప్పు బల్ల మీదే ఉంది, అమ్మ కంచానికి ఎదురుగా, నీలం మూకుడులో. పిన్ని అర్లెట్ కంచంలో అందరికంటె పెద్ద ముక్క పెట్టి, "తిను, చల్లారిపోతుంది" అంది. అంటున్నప్పుడు ముఖంలో భయం లేదు, సిగ్గు లేదు, నోరు జారిన మనిషి ముఖం కాదు అది. ఎంతో కాలంగా చేతిలో పట్టుకున్న బరువును ఒక్కక్షణం బల్ల మీద పెట్టి, మళ్ళీ ఎత్తుకున్న మనిషి ముఖం. మూకుడులో ఉప్పు తెల్లగా, నిండుగా. ఆ ఉప్పువైపు చూస్తూ అర్లెట్‌కు తన పుట్టుక గురించి ఎవరూ చెప్పనిదంతా తెలిసిపోయింది.

తెలిసినదాన్ని ఆమె అడగలేదు. ఎందుకు అడగలేదో అప్పుడు చెప్పలేకపోయేది, ఇప్పుడు చెప్పగలదు: పిన్ని దేనికోసమైతే ఆ పూల మధ్య నిలబడిందో ఆ నిలబడడం అంతా ఒక్క ప్రశ్నతో వృథా అయిపోయేది. నిలబడిన సంగతి ఆమెకు తరువాత, చాలా తరువాత, పిన్నిని సమాధి చేసి వస్తున్నప్పుడు, పూలగది మేస్త్రీగా చేసిన ముసలి ఫిలోమెన్ నోట తెలిసింది. గుట్ట దారిలో ఆమె చేయి పట్టుకుని నడుస్తూ ఫిలోమెన్, "మేం పరీక్ష పెట్టామే మీ పిన్నికి," అంది, పెళ్ళింట్లో ముచ్చట చెప్పుకున్నట్టు. "దగ్గు అని చెప్పి కొండల్లోకి పోయి ఎండాకాలమంతా రాలేదు. వచ్చేసరికి మీ అమ్మ ఒళ్ళో నువ్వు. ఏమనుకుంటాం మరి! పచ్చి బాలింత అయితే ఆ గదిలో పడిపోవాలని మా నమ్మకం. నడిమి బల్ల దగ్గర పెట్టాను, నేనే పెట్టాను, నాలుగువైపులా పూలే. పొద్దుననంగా నిలబడింది, పొద్దు గూకేదాకా నిలబడింది. పాటలు కూడా పాడిందే ముండ! ఇక మేమేం నోరెత్తుతాం? ఆ రోజునుంచి ఎవరైనా ఏమైనా అంటే నేనే కొట్టేదాన్ని." ఫిలోమెన్‌కు అసలు సంగతి తెలుసా, తెలిసే అలా చెప్పిందా, తెలిసే ఆనాడు కూడా నడిమి బల్ల దగ్గర పెట్టిందా, అందరి కళ్ళముందూ ఒక్కసారి నెగ్గితే ఇక జన్మలో ఎవరూ వేలెత్తి చూపలేరని. అర్లెట్ అదీ అడగలేదు. గుట్ట మీద గాలికి ఆ ముసలావిడ నల్లటి తలగుడ్డ రెపరెపలాడుతూ ఉంది. పిన్ని చివరి రోజుల్లో ఆస్పత్రిలో అర్లెట్ వెచ్చటి నీళ్ళతో ఆమె చేతులు కడుగుతూ, ఎప్పుడో పనిమానిన ఆ చేతుల్లో ఇంకా ఏమైనా మిగిలి ఉందేమోనని రహస్యంగా వాసన చూసింది, ఆస్పత్రి సబ్బు తప్ప ఏమీ లేదు, "పిన్నీ" అని పిలిచింది, "ఊఁ" అంది పిన్ని. ఇంకో పిలుపు నాలుక చివర ఉండగానే, ఆ ఊఁ చాలునన్నట్టు పిన్ని కళ్ళు మూసుకుంది.

గోడ మీది గడియారం ముల్లు సగం దాటింది. అర్లెట్ మళ్ళీ వంగింది. మడత లేని పట్టీలో ఇప్పుడు పువ్వు పూర్తిగా విప్పారింది, నిర్దోషంగా ఉంది, కడిగిన పాలరాతి మెట్ల మీద ఎండ పడినట్టు ఉంది, ఎవరైనా ఇష్టపడతారు, ఎవరూ రెండవసారి తిరిగి చూడరు. అందులో రాణి ఉంది, రాణి నడిచిన దారి ఉంది, తెరలున్నాయి. తెరల ముందు నిలబడవలసిన మనిషి లేదు. మడత ఉన్నది. ఆమె ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తరువాత మెల్లగా లోపలికి రానిచ్చింది. పైన చేదు నారింజ ఆకు, నలిపిన ఆకు, కొంచెం ఎక్కువే. దాని కింద పువ్వు. పువ్వు కింద ఏమీ లేదు. ఏమీ లేదు అనుకున్న మరుక్షణమే ఆమె వెన్ను నిటారుగా అయింది, ఎందుకంటే ఏమీ లేదు అని తన ముక్కు చెప్పిన చోటల్లా ఏముంటుందో ఆమెకు వెర్సాయ్ రోజులనుంచి తెలుసు. నేర్చుకున్న పరాయి భాషలోకి మార్చుకుని చదివింది: కొవ్వు. పాల మీగడ, అంచులో పులుపెక్కుతున్నది. చెమట పట్టి ఆరిన గుడ్డ. పువ్వు కుళ్ళడానికి ఒక గడియ ముందరి తీపి. ఎత్తిపట్టిన చేతుల మధ్యనుంచి ముందుకు వంగిన నుదురు.

నిదానం, అనుకుంది. జాగ్రత్త. ఇది నీ ఇల్లు కనుక బాగుందంటున్నావా, బాగుంది కనుకనా? పిన్నిని ఎంచుకుంటున్నావా, పరిమళాన్నా? ఎనభయ్యో పడిలో కన్నీళ్ళు ఊరికే వస్తాయి, వాటి సాక్ష్యం చెల్లదు. కాబట్టి ఆమె తనకు తెలిసిన పద్ధతిలోకి వెళ్ళింది, ఫలితంనుంచి కారణానికి, ఒక్కో మెట్టూ కిందికి దిగుతూ. ఆ చేదు నారింజ ఆకు ఎందుకు ఎక్కువైంది? పువ్వును నిలబెట్టడానికి అంత అక్కర్లేదు, మైలీస్ కొలత తప్పే పిల్ల కాదు. ఓడ ప్రయాణంలో కడుపులో తిప్పేవాళ్ళు నిమ్మకాయ ముక్కు దగ్గర పట్టుకుంటారు. ఆ ఆకు అక్కడ ఉన్నది పువ్వుకోసం కాదు, పువ్వు పక్కన నిలబడవలసినవాళ్ళ కోసం. సరే. మరి ఆ పులిసిన మీగడ, ఆ కుళ్ళు? ఎంత తక్కువ వేసింది! మామూలు ముక్కుకు అది ఉందని కూడా తెలియదు, లేకపోతే మాత్రం ఏదో లోటని తెలుస్తుంది, అంత తక్కువ. అంత తక్కువను తూచాలంటే అది తూచే మనిషికి గావుకేకలా వినిపిస్తూ ఉండాలి. మామూలు రోజుల్లో ఎవరికీ అలా వినిపించదు. లెస్తాంగ్ చెప్పినదంతా నిజం. ముక్కు జరిగింది. జరిగి, ఈ ఊళ్ళో ఇన్ని తరాలుగా ఏ ముక్కూ నిలబడని చోట నిలబడి, ఆ కథలో అందరూ వదిలేసిన మనిషి దగ్గరికి నేరుగా వెళ్ళింది. వాంతి ఆపుకుంటూ పని చేసింది ఈ పిల్ల, నెలల తరబడి, ఈ మూసిన గదిలో, ప్రపంచంలో తన కడుపు అన్నిటికంటె ఓర్చుకోలేని పువ్వుతో, ఎవరికీ అనుమానం రాకూడదని. పక్కనే కూర్చుంది, పట్టీలకు అందరికంటె దగ్గరగా. నడిమి బల్ల దగ్గర.

అర్లెట్‌ను ఉద్యోగంలోకి తీసుకున్నప్పటి అధిపతి ఇంత తెలివైనవాడు కాదు, ఎదురుగానే అడిగేశాడు. "పెళ్ళీ, పిల్లలూ… అలాంటి ఆలోచనలేమైనా ఉన్నాయా మద్మొజెల్? దాచకండి, ఇక్కడ ముక్కే పెట్టుబడి." "లేవండీ" అంది ఆమె. అప్పుడు అది అబద్ధం. ఒక మనిషి ఉన్నాడు, గాజుబుడ్లు చేసే లుసియాన్, తలుపు కొట్టేముందు గొంతు సవరించుకునేవాడు. ఆ ఒక్క మాటను నిజం చేయడానికి ఒక జీవితం సరిపోయింది. వాసన విషయంలో అబద్ధం చెప్పలేదని గొప్పగా అనుకుంటుంది కానీ మిగతా విషయాల్లో ఒక్క అబద్ధం చాలు, దానిలోనే కాపురం ఉండవచ్చు. ఆమె బాధపడుతూ ఏమీ గడపలేదు, మంచి పరిమళాలు చేసింది, సాయంత్రాలు బాగుండేవి, కొండమీదినుంచి సముద్రం ఒక గీతలా కనబడే ఆ చిన్న వసారాలో లుసియాన్ ఇచ్చిన బుడ్డిలో నీళ్ళు పోసి ఒక్క నేలసంపెంగ కాడ పెట్టుకునేది. ఒంటికి మాత్రం ఎన్నడూ ఏ పరిమళమూ రాసుకోలేదు, పనివాళ్ళు రాసుకోకూడదు.

"గంటయింది," అన్నాడు లెస్తాంగ్. మడమలు నేలకు ఆనాయి.

అర్లెట్ చివరిసారి రెండు పట్టీలనూ చూసింది. మడత లేనిది అప్పటికే చల్లబడి, ఎవరో ఖాళీ చేసి వెళ్ళిన గదిలా ఉంది. మడత ఉన్నదాంట్లో ఆకు పోయింది, పువ్వు తలవాల్చింది, కింద ఉన్నది మాత్రం ఇప్పుడే వచ్చి కూర్చున్నట్టు వెచ్చగా ఉంది.

"మడత ఉన్నది," అంది.

మైలీస్ కళ్ళు మూసి తెరిచింది. లెస్తాంగ్ మైలీస్ వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు, అందువల్లే అది ఎవరిదో పూర్తిగా తెలిసిపోయింది. "సరే. చాలా సంతోషం. మరి… ఆ రెండవ సంగతి మదాం? ముక్కు?"

మాటలను ఆమె ఎప్పటిలాగే తూచింది. "లెస్తాంగ్‌గారూ, ఈ పరిమళం చేసిన ముక్కు ఎవరిదో గానీ, ఇంత నిక్కచ్చి ముక్కును నేను నా వృత్తిలో చూడలేదు. దీన్ని ఇంకెవరి చేతిలోనైనా పెట్టారంటే పాడుచేస్తారు. నా పేరు పెట్టి రాసుకోండి."

"జరగలేదంటారు."

"ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది అంటున్నాను."

అతను ఇంకేదో అనబోయాడు. అప్పుడే మైలీస్ లేచి నిలబడింది, లేవకుండా ఉండవలసింది, గంటసేపు బిగపట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చినట్టుంది, ముఖంలో ఉన్న ఆ కాస్త రంగూ పోయి, బల్ల అంచును పట్టుకున్న వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ఇంకొక్క క్షణంలో లెస్తాంగ్ ఇటు తిరుగుతాడు. అర్లెట్ లేచింది, నడుము ఎలా ఒప్పుకుందో తెలియదు, రెండడుగుల్లో బల్ల చుట్టి వచ్చి, పిల్ల భుజాల చుట్టూ చేయి వేసి, తన బరువు మొత్తం వాల్చినట్టు వాలి, గట్టిగా మూలిగింది.

"అమ్మాయ్, పట్టుకో! నాకు తల తిరుగుతోంది. ఈ పూలు… ముసలిదాన్ని, తట్టుకోలేకపోతున్నాను. కిటికీ దగ్గరికి తీసుకుపో."

"మదాం! నియమం—"

"నాదేగా నియమం, నేనే తెరుస్తున్నాను."

పాత గడియ, ఎన్ని పొరల రంగు కింద ఉందో, ఆమె అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే కిర్రుమని కదిలింది, కిటికీ రెక్క విడిపోయి వీధి గాలి, కాల్చిన రొట్టె, తడిసిన రాయి, ఎవరి ఇంటిదో ఉడుకుతున్న ఉల్లిపాయ, అన్నీ ఒక్క ఉదుటున లోపలికి వచ్చాయి. లెస్తాంగ్ దగ్గరికి వస్తున్నాడు. చూసేవాళ్ళకు చిన్నది పెద్దదాన్ని పట్టుకుని నిలబడ్డట్టే ఉంది. పెద్దదాని చేయి పిల్ల నడుమును పొదివి నిలబెడుతున్న సంగతి మాత్రం వాళ్ళిద్దరి మధ్యే ఉండిపోయింది. మైలీస్ నుదురు వచ్చి ఆమె నుదుటికి ఆనింది. గాలి మింగుతూ, వినీ వినబడనట్టు, "మీకు తెలిసిపోయింది" అంది.

"నీళ్ళు కావాలా మదాం? డాక్టర్ని పిలవనా?" లెస్తాంగ్ నిజంగానే కంగారుపడుతున్నాడు, పాపం, చెడ్డవాడు కాదు.

"నీళ్ళు చాలు," అంది అర్లెట్, తల ఎత్తకుండా. "కొంచెం ఉప్పు కూడా తెచ్చిపెట్టండి. నీళ్ళలో వేసుకుంటాను."

"ఉప్పా? ఇక్కడెక్కడ… క్యాంటీన్‌కి వెళ్ళాలి. సరే, సరే, ఉండండి, కదలకండి."

మెట్ల మీద అతని బూట్ల చప్పుడు దిగిపోతూ ఉంది. పిల్ల ఊపిరి ఒక్కొక్కటే కుదుటపడుతోంది, వీపు మీద అరచేయి వేసి అర్లెట్ ఆ ఊపిరులను వింటూ నిలబడింది. క్యాంటీన్‌లో ఉప్పు ఎక్కడ పెడతారో అతనికి ఎన్నటికీ తెలియకూడదని ఆమె మనసారా కోరుకుంది.